మందు కొట్టే ముందు కాళ్లు లెక్కపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాయంటే బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పురుగుల ఫొటోలు తిరగడం మొదలవుతుంది. కింద రాసేది ఎప్పుడూ ఒకటే: 'విషపు పురుగు, తాకితే ప్రమాదం, అందరికీ పంపండి.' అవే ఫొటోలు ఒక్కోసారి 'వింత పురుగు కలకలం' అనే శీర్షికతో పత్రికల్లోకీ ఎక్కుతున్నాయి. పురుగు పేరు ఉండదు, ఎంత పొడవో ఉండదు, ఏ మొక్క మీద దొరికిందో ఉండదు. చదివినవాళ్లు వెళ్లి స్ప్రే డబ్బా కొనుక్కొస్తారు. ఆ మందుకు ముందు చచ్చేది మొక్కకు మేలు చేసే పురుగే, ఎందుకంటే అది ఆకు మీద బయటే తిరుగుతుంటుంది. అసలు దొంగ కాండం లోపలో, మట్టిలోనో, ఆకు అడుగునో భద్రంగా ఉంటుంది. పేరు తెలియకుండా మందు కొట్టడమంటే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమే. పెరట్లో, మిద్దెతోటలో, ఇంట్లో కనిపించే వాటిని గుర్తుపట్టడం అంత కష్టమేమీ కాదు. కొన్ని గుర్తులు తెలిస్తే చాలు.

మొదట కాళ్లు లెక్కపెట్టాలి. ఆరు ఉంటే కీటకం. ఎనిమిది ఉంటే సాలీడు, తేలు, నల్లి (మైట్; మంచంలో ఉండే నల్లి కాదు) జాతుల్లో ఒకటి. ఆరుద్ర కార్తెలో, ఇంకా మట్టి మిగిలి ఉన్న చోట, తడినేల మీద కనిపించే ఎర్రటి మఖమలు ఆరుద్ర పురుగు కూడా కీటకం కాదు, నల్లి జాతిది. పిల్లప్పుడు దానికీ ఆరు కాళ్లే, మిడతల్లాంటి కీటకాలను అంటిపెట్టుకుని బతుకుతుంది. పెద్దయ్యాక ఎనిమిది కాళ్లతో నేల మీదికి వస్తుంది. ఎవరికీ ఏ హానీ చేయదు.

మామిడి చెట్టు మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల మధ్య ఒక 'చీమ' కాస్త తడబడుతూ నడుస్తుంటే దాని కాళ్లూ లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటాయి. అది చీమ వేషం వేసిన గెంతే సాలీడు. ముందు కాళ్లు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తుంది. కొమ్మను తడితే దారం వదిలి వేలాడుతుంది, చీమ ఆ పని చేయలేదు.

కాళ్లు లెక్కకు అందనన్ని ఉంటే అది జెర్రో రోకలిబండో అయి ఉంటుంది. జెర్రి ఒళ్లు బల్లపరుపుగా ఉంటుంది, ఒక్కో కణుపుకు ఒక్కో జత కాళ్లు, పరుగు చాలా వేగం. తల కింద విషపు కొండి ఉంటుంది, కరిస్తే గట్టిగా నొప్పి పెడుతుంది. రోకలిబండ గుండ్రంగా ఉంటుంది, చాలా కణుపులకు రెండేసి జతల కాళ్లు ఉంటాయి, నెమ్మదిగా నడుస్తుంది, తాకితే చుట్ట చుట్టుకుంటుంది. అది కరవదు. ఒంటి నుంచి కారే రసం చేతికి పసుపు-గోధుమ రంగు మరక పెడుతుంది, కంట్లో పడితే మండుతుంది. వానాకాలంలో కుండీ కింద గుంపుగా ఉన్నాయంటే అక్కడ కుళ్లిన ఆకు ఎక్కువగా ఉందని అర్థం. ఆకులు తీసేసి కుండీని ఇటుకల మీద ఎత్తిపెడితే తగ్గిపోతాయి. వాటికి మందెందుకు?

తొలకరి సాయంత్రం ట్యూబ్‌లైటు చుట్టూ మూగే ఉసిళ్ల (రెక్కలొచ్చిన చెదల) గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. రెక్కలున్న చీమలను చూసి చెదలనుకుని పెస్ట్ కంట్రోల్‌ను పిలుస్తారు, నిజంగా చెదలు ఉన్న ఇంట్లో మాత్రం ఉసిళ్లే కదా అని ఊడ్చేస్తారు. మూడు తేడాలు చూడండి. ఉసిలి నడుము లావుగా ఛాతీతో కలిసిపోయి ఉంటుంది, చీమకు సన్నటి నడుము ఉంటుంది. ఉసిలి మీసాలు తిన్నగా పూసలు గుచ్చినట్టు ఉంటాయి, చీమ మీసం మధ్యలో మోచేయిలా వంగి ఉంటుంది. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, చీమకు ముందు రెక్కలు పెద్దవి. పొద్దున్నే గడప దగ్గర పురుగులు లేకుండా రెక్కలే కుప్పగా పడి ఉంటే అవి ఉసిళ్లవే.

ఉసిళ్లు వచ్చినంత మాత్రాన ఇంట్లో చెదలున్నట్టు కాదు. ఎక్కడి నుంచి వచ్చాయన్నదే ముఖ్యం. కిటికీ లోంచి లైటు కోసం వస్తే లైటు ఆర్పి కిటికీ మూస్తే సరిపోతుంది. తలుపు చట్రం పగుల్లోంచో, గోడ మూల నుంచో, వార్డ్‌రోబ్ వెనక నుంచో బయటికి వస్తుంటే మాత్రం పుట్ట దగ్గర్లోనే ఉంది. అప్పుడు పునాది గోడ మీద, బాత్రూం తలుపు చట్రం వెనక, పైపులు గోడలోకి దూరే చోట మట్టి గొట్టాలు వెతకాలి. గొట్టం దొరికితే మొత్తం దులిపేయకండి. మధ్యలో ఒక అంగుళం మేర పగలగొట్టి రెండు మూడు రోజులు చూడండి. మళ్లీ తడిమట్టితో పూడ్చి ఉంటే లోపల చెదలు బతికే ఉన్నాయి. పూడ్చకపోతే వాడకంలో లేని పాత గొట్టం కావచ్చు, ఇంకో దారి పట్టి ఉండనూ వచ్చు, చుట్టుపక్కల కూడా చూడాలి. గొట్టం మీద స్ప్రే కొడితే అందులో నడిచే కూలి చెదలు కొన్ని చస్తాయి, మట్టిలో ఉన్న రాణికి ఏమీ కాదు. అందుకే పనివాళ్లు గోడ పొడుగునా నేలలో రంధ్రాలు చేసి మందు దింపుతారు. గొట్టం చూడకుండా, రంధ్రాలు చేయకుండా గది మూలల్లో పిచికారీ చేసి బిల్లు ఇచ్చేవాళ్లకు డబ్బివ్వకండి.

మంచం కింద, సోఫా కింద కనిపించే పొడి కూడా అంతే. వేళ్ల మధ్య రుద్దితే పౌడర్‌లా మెత్తగా ఉంటే అది చెక్కను తొలిచే పెంకుపురుగు పని. గరుగ్గా, ఒక్కో గింజా ఆరు పలకలుగా ఉంటే ఎండు చెక్కలోనే కాపురముండే చెదలు. వీటికి మట్టి గొట్టాలుండవు కాబట్టి నేలలో మందు వేసి లాభం లేదు, ఆ చెక్కకే వైద్యం చేయాలి.

ఇక మిద్దెతోట. వంగ మొక్క మీద చుక్కల పెంకుపురుగు కనిపిస్తే రెండింటిలో ఏదైనా కావచ్చు. రెండింటినీ మనం అక్షింతల పురుగు అనే పిలుస్తాం, చిక్కు అక్కడే వస్తోంది. మేలు చేసేది నున్నగా మెరుస్తుంది, వీపు మీద నల్లటి వంకర గీతలో మచ్చలో ఉంటాయి, మొక్క రసం పీల్చే పేనుబంకను తింటుంది. కీడు చేసేది మెరవదు. ఒంటి నిండా సన్నటి నూగుతో మాసినట్టుంటుంది, ఇరవై ఎనిమిది దాకా చుక్కలుంటాయి, ఆకులో పచ్చదనాన్ని గీరి తిని జల్లెడలా ఈనెలు మిగులుస్తుంది. పిల్లపురుగుల్లో తేడా ఇంకా తేలిక. పసుపురంగులో ఒళ్లంతా కొమ్మలు వేసిన ముళ్లతో, కదలకుండా ఆకుకు అతుక్కుని ఉంటే వంగకు శత్రువు. బూడిద-నలుపు రంగులో, నారింజ మచ్చలతో, పొడుగు కాళ్లతో పేనుబంక గుంపులో చురుగ్గా తిరుగుతుంటే మిత్రుడు. చూడ్డానికి బాగుండదు కాబట్టి ముందు నలిపేసేది దీన్నే. శత్రువు పిల్లలూ గుడ్లూ ఉన్న ఆకులను కోసి సబ్బునీళ్లలో పడేస్తే చాలు, నాలుగు వంగ మొక్కల తోటకు అంతకు మించి అక్కర్లేదు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు పిండినల్లి దగ్గర జరుగుతుంది. మందార మీద, బొప్పాయి మీద తెల్లటి దూదిలా పట్టే పిండినల్లి సాధారణంగా మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు, పెద్దగా కదలదు. ఆ గుంపులోనే ఒక సెంటీమీటరు దాకా ఉండి, పొడుగాటి తెల్ల మైనపు పోగులతో గబగబా నడిచేది కనిపిస్తే దాన్ని 'పెద్ద పిండినల్లి' అనుకోకండి. అది క్రిప్టోలీమస్ అనే పెంకుపురుగు పిల్ల, పిండినల్లులను తినడమే దాని పని. ఒక పుల్లతో తిప్పి చూడండి. కింద ఆరు కాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి, వెంటనే పరుగు తీస్తుంది. అది ఉన్న కొమ్మ మీద వేపనూనె కూడా కొట్టకూడదు. మిగతా కొమ్మల మీద ముందు నీళ్ల ధారతో కడిగి, తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి కొద్దిగా సబ్బునీళ్లు చేర్చి సాయంత్రం పూట కొట్టవచ్చు. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. చీమల బారును ఆపకుండా ఏం చేసినా ఫలితం ఉండదు. పిండినల్లి విసర్జించే తీపిరసం కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, తినడానికి వచ్చిన పురుగులను తరిమేస్తాయి. కుండీని నీళ్ల పళ్లెంలో ఇటుక మీద పెట్టి, కొమ్మలు గోడకు తగలకుండా చూస్తే చీమలకు దారి ఉండదు. పళ్లెంలో నీళ్లు మాత్రం వారానికోసారి పారబోయాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

పురుగుతో పురుగును అదుపు చేయడం ఎంత పని చేస్తుందో బెంగళూరు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన అవసరం ఉండకూడదు. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడిన బొప్పాయి పిండినల్లి తమిళనాడు, కర్ణాటక బొప్పాయి, మల్బరీ తోటలను పీల్చేసింది. మందులు ఆపలేకపోయాయి. 2010లో మన హెబ్బాళలోని కీటక వనరుల జాతీయ సంస్థ విదేశం నుంచి తెప్పించిన చిన్న పరాన్నజీవి కందిరీగను పెంచి వదిలాకే అది అదుపులోకి వచ్చింది. కంటికి సరిగ్గా ఆనని ఆ కందిరీగ ఇప్పుడు పెరటి బొప్పాయిల మీద కూడా ఉండవచ్చు. ఉబ్బి గోధుమరంగుకు తిరిగి, వీపున గుండ్రటి రంధ్రం ఉన్న పేనుబంక, పిండినల్లి కనిపిస్తే అలాంటి కందిరీగలు పని మొదలుపెట్టాయని అర్థం, మందు డబ్బా దించేయండి. ఆకు అడుగున వెంట్రుకంత కాడ చివర తెల్లటి గుడ్డు నిలబడి ఉంటే అది అల్లిక రెక్కల పురుగుది. అదీ మన పక్షమే.

కరివేపాకు, నిమ్మ మొక్కల మీద పక్షి రెట్టలా నలుపు-తెలుపు మచ్చలతో ఉండేది, పెరిగాక పచ్చగా మారేది సీతాకోకచిలుక గొంగళి. తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ములు బయటికి చాపి ఘాటు వాసన కొడుతుంది, అంతే, కుట్టదు. పక్కనున్న టమాటా జోలికి రాదు. కొమ్మతో సహా తీసి మనం వాడుకోని నిమ్మ చెట్టు మీద పెట్టవచ్చు. నందివర్ధనం, గన్నేరు మీద బొటనవేలంత పచ్చటి గొంగళి ఒంటి ముందు భాగంలో రెండు నీలి కళ్లలా మచ్చలతో ఉంటే రాత్రిపూట తిరిగే పెద్ద రెక్కలపురుగు పిల్ల, అదీ కుట్టదు. జాగ్రత్త పడాల్సింది వెంట్రుకలు గుత్తులుగా ఉన్నవాటితో, కొబ్బరి, మామిడి, ఆముదం ఆకుల మీద పచ్చగా నీలి చారలతో మందంగా ఉండి ముళ్ల కుచ్చులున్నదానితో. ఒంటికి తగిలితే రుద్దకండి. పారదర్శకమైన టేపు అతికించి లాగితే ముళ్లు వస్తాయి, తర్వాత సబ్బుతో కడగాలి.

ఇప్పుడు 'యాసిడ్ పురుగు'. వాట్సాప్ భయాల్లో కొంత నిజమున్నది ఇదొక్కటే, అయితే చెప్పేది తప్పుగా చెబుతారు. ఏడు నుంచి పది మిల్లీమీటర్ల సన్నటి పురుగు, తల నలుపు, ఛాతీ నారింజ, నడుము మీద మెరిసే నీలి-ఆకుపచ్చ పొట్టి తొడుగు, వెనక భాగం నారింజ, చివర నలుపు. చీమలా గబగబా నడుస్తూ తోక పైకెత్తుతుంది. ఇది కుట్టదు, కరవదు. ఒంటి మీద నలిపితే దాని రసంలోని పెడెరిన్ అనే పదార్థం చర్మాన్ని కాలుస్తుంది. మంట వెంటనే కాదు, ఒకటి రెండు రోజులకు గీతలా ఎర్రబడి పొక్కులు లేస్తాయి. అప్పటికి పురుగు సంగతి మరిచిపోతారు కాబట్టి అగ్గిబొబ్బలనుకుని పొరపడతారు. ఒంటి మీద వాలితే ఊదేయండి, లేదా కాగితం మీదికి ఎక్కించి బయట వదలండి. నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకూడదు. రాత్రి బాల్కనీ లైటు ఆర్పితే రావడం చాలా వరకు తగ్గుతుంది. చెప్పుతో కొట్టి, ఆ మరకను చేత్తో తుడవడం ఎంత మాత్రం పనికిరాదు. పొలంలో ఇది వరి పురుగులను తినే ఉపకారి.

ఇంటి లోపలి వాటి గురించి క్లుప్తంగా. గోడ మీద సిమెంటు రంగులో సెంటీమీటరు పొడవున, రెండు కొసలూ తెరిచి ఉండి మెల్లగా కదిలే పొట్టు లోపల ఒక చిన్న రెక్కలపురుగు పిల్ల ఉంటుంది. సాలెగూళ్లు, వెంట్రుకలు, ఉన్ని దానికి తిండి. నల్లి గుడ్డూ కాదు, చెదలూ కాదు. సీలింగు మూలల్లో బూజు దులిపితే తిండి లేక పోతుంది. బాత్రూం గోడ మీద హృదయాకారంలో బొచ్చు రెక్కలతో కూర్చునే చిన్న ఈగ డ్రైన్ లోపలి జిగటలో పెరుగుతుంది. నిర్ధారించుకోవాలంటే రాత్రి డ్రైన్ జాలీ మీద టేపు జిగురు కిందికి ఉండేలా, కొంచెం గాలి సందు వదిలి అతికించండి, పొద్దున్నకు ఈగలు అంటుకుని ఉంటే చోటు తెలిసినట్టే. వేడినీళ్లు పోస్తే జిగట పోదు, పొడుగు బ్రష్‌తో లోపల తోమాలి. సంపులో ఎర్రటి పురుగులు కనిపిస్తే అవి దోమ పిల్లలు కావు. దోమ పిల్ల గాలి కోసం పైకి వస్తుంది, ఈ ఎర్రవి అడుగున బురదలో ఉంటాయి, కుట్టని ఒక ఈగ పిల్లలు. మామూలు మోతాదు క్లోరిన్‌కు లొంగవు. సంపు బురద తీసి, ఓవర్‌ఫ్లో పైపుకు సన్న జాలీ బిగించాలి. స్నానాల గదిలో అరచేయంత చదునైన సాలీడు గూడు లేకుండా తిరుగుతుంటే అది బొద్దింకలను వేటాడేది. కడుపు కింద తెల్లటి బిళ్ల ఉంటే గుడ్లసంచి. గాజు గ్లాసు బోర్లించి, అట్ట దూర్చి బయటికి పంపండి.

అపార్ట్‌మెంట్ స్లాబు కింద ఒకే పెద్ద పట్టుగా వేలాడేది పెద్ద తేనెటీగలది, వాటికి దూరంగా ఉండాలి. అయితే అవి వలస జీవులు, పూల కాలం అయ్యాక వాటంతట అవే వెళ్లిపోతాయి. రాత్రి నిప్పు పెట్టించడం వల్లే ప్రమాదాలు జరుగుతాయి. గోడ పగుల్లో నల్లటి మైనపు గొట్టం, దాని దగ్గర నాలుగు మిల్లీమీటర్ల నల్ల ఈగలు ఉంటే అవి ముల్లులేని తేనెటీగలు. కిటికీ మూల బంకమట్టి గూడు కట్టే కుమ్మరిపురుగు ఒంటరిది, పట్టుకుంటే తప్ప కుట్టదు. కాగితంలాంటి చిన్న గూడు మీద గుమిగూడే సన్నటి కందిరీగలు బెంగళూరు ఇళ్లలో ఎప్పుడూ ఉన్నవే. భారత విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్‌కర్ దశాబ్దాలుగా పరిశోధించిన జాతి ఇదే. తల తగిలే ఎత్తులో లేకపోతే వదిలేయండి. రెండున్నర సెంటీమీటర్లు దాటి, నల్లటి ఒంటి మీద ఒకే వెడల్పు పసుపు పట్టీ ఉన్న పెద్ద కందిరీగ గూడు మాత్రం తెలిసినవాళ్లతోనే తీయించాలి.

కుండీ మట్టిలో నల్లగా నిగనిగలాడుతూ, వానపాములా కనిపించి నాలుక చాపేది గుడ్డిపాము. సాధారణంగా పది పదిహేను సెంటీమీటర్లే ఉంటుంది. 'నాగుపాము పిల్ల' అని కొట్టి చంపేది దీన్నే. వానపాముకు ఒంటిపై కణుపుల గీతలుంటాయి, దీనికి పొలుసులుంటాయి. చీమల, చెదల గుడ్లు తింటుంది. తెలుపు పట్టీల పామైతే మాత్రం కట్లపామా, దానిలా కనిపించే విషం లేని పామా అని దగ్గరికెళ్లి పోల్చుకునే పని పెట్టుకోకండి. తలుపు మూసి పాములు పట్టేవాళ్లను పిలవండి. నా దృష్టిలో ఇంట్లో మనం సొంతంగా గుర్తుపట్టకూడనిది గుడ్డిపాము కాని పాము ఒక్కటే.

పారలా విచ్చుకున్న తలతో జిగటగా పాకే చదును పురుగు వానపాములను తింటుంది. ముక్కలు కోస్తే ముక్కకొకటి తయారవుతుంది. చేత్తో తాకకుండా ఉప్పునీళ్లలో వేయండి. పొడుగు గోపురంలా గోధుమ చారల గుల్లతో ఉండే పెద్ద నత్త 1847లో కలకత్తాకు తెచ్చిన ఆఫ్రికా నత్త సంతతి. ఎలుకల నుంచి వచ్చే ఒక పరాన్నజీవిని మోస్తుంది, అది మనిషికి మెదడు పొరల జబ్బు తెస్తుంది కాబట్టి చేతికి తొడుగు లేకుండా పట్టుకోకూడదు, పిల్లలతో ఏరించకూడదు. సాయంత్రం తడి గోనెసంచి పరిచి కింద బొప్పాయి ఆకులు పెడితే తెల్లారేసరికి చేరతాయి. ఏరి లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపిన బకెట్‌లో వేసి, చచ్చాక పూడ్చాలి. ఉప్పు మొక్క మొదట్లో చల్లితే నత్తతో పాటు మొక్కా పోతుంది. నత్త గుళికలు కుక్కలున్న ఇంట్లో వాడకండి, తింటే చస్తాయి.

ఏదైనా తెలియనిది కనిపిస్తే మూడు ఫొటోలు తీయండి: పైనుంచి, పక్కనుంచి, ముఖం వైపు నుంచి. పక్కన స్కేలు పెట్టండి. ఏ మొక్క మీద దొరికిందో ఆ ఆకు ఫొటో, తేదీ, చోటు రాసుకోండి. కదులుతుంటే పారదర్శకమైన డబ్బాలో వేసి ఫ్రిజ్ కింది అరలో ఐదు నిమిషాలు ఉంచితే నెమ్మదిస్తుంది, ఫ్రీజర్‌లో పెడితే చస్తుంది. ఫోన్ యాప్ చూపే మొదటి పేరును నమ్మకండి, అది ఏ అమెరికా పురుగుదో కావచ్చు. ఆ జాతి కర్ణాటకలో నమోదైందా అని చూశాకే ఒప్పుకోండి. జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తెలుసుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవాళ్లు సరిచూస్తారు. పంట మొక్కల పురుగైతే హెబ్బాళ సంస్థ, జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయ కీటకశాస్త్ర విభాగం ఈ నగరంలోనే ఉన్నాయి.

చివరగా మీకొక విన్నపం. ఇకపై పాఠకులు పంపే 'వింత పురుగు' ఫొటో అచ్చు వేసేటప్పుడు ఈ నాలుగూ లేనిదే తీసుకోకండి: పక్కన కొలత, దొరికిన మొక్క, తేదీ, పేరు నిర్ధారించిన వారి హోదా. పేరు తేలకపోతే 'గుర్తించాల్సి ఉంది' అని వేయండి. 'విషపు' అనే మాటను పేరు తేలేదాకా పక్కన పెట్టండి.

భవదీయుడు,
కీటకశాస్త్రం చదువుకున్న ఒక పాఠకుడు,
బెంగళూరు